మేఖల మేజోళ్ళు

ఫుట్‌బాల్ టోర్నమెంటుకు వారం ముందు మా అమ్మాయి మేఖల కాలు విరిగింది. విశాఖ జట్టులో గోల్స్ కొట్టేది అదొక్కతే. అయినా కోచ్ గారు కంగారుపడలేదు. ఆడేవాళ్ళ నేర్పంతా వాళ్ళ మేజోళ్ళే గుర్తుపెట్టుకునే రోజులివి. మేఖల మేజోళ్ళు తొడుక్కుని దాని బదులు జట్టులోని నస్రీన్ ఆడుతుంది. అంతవరకూ అవి ఎవరో ఒకరి కాళ్ళకు ఉండాలి, లేకపోతే మరిచిపోతాయి. ఉతకనూ కూడదట.

"మీరు వేసుకోండమ్మా. కదలకుండా కూర్చుంటే చాలు," అన్నారాయన.

వేసుకున్నాను. కూర్చుంటే వంటెవరు చేస్తారు?

మొదటి మ్యాచ్ ఓడితే ఇంటికే. చివరి నిమిషం వచ్చినా గోల్ లేదు. గోల్‌కు వీపు పెట్టి నిలబడ్డ నస్రీన్ దగ్గరకు బంతి వచ్చింది. అది వెనక్కి తిరగనైనా తిరగకుండా మడమతో ఒక్క తన్ను తన్నింది. గోల్!

పిండికట్టుతోనే గెంతబోయిన మేఖల ఆగి నన్ను చూసింది.

"అమ్మా, నేనెప్పుడూ అలా కొట్టలేదే! చేతుల్లో గిన్నెలు పట్టుకుని నువ్వు ఫ్రిజ్ తలుపు మూసే తన్ను కదే అది!"

"అరవకే, కోచ్ గారు వింటారు."

ఆయన విననే విన్నారు. మ్యాచ్ కాగానే మేజోళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"తర్వాతి మ్యాచ్ లోగా మీ ఇంటికి చుట్టాలను పిలవండమ్మా. ఎంతమంది వస్తే అంత మంచిది."