తోడొచ్చిన అత్త

"చెయ్యి వదిలావంటే ఊరుకోను. లోపల తప్పిపోతే మీ నాన్నకి నేనేటి చెప్పుకోవాలి?" అంటూ కల్యాణి అత్త మేనకోడలు దివ్య మణికట్టును ఇంకాస్త బిగించి పట్టుకుంది.

ఎదురుగా మొక్కజొన్న చేను. మనిషిని మించి ఎదిగిన మొక్కల మధ్య మెలికలు మెలికలుగా దారులు తీసి, ముందు 'భూల్‌భులయ్యా' అని హిందీలో పెద్ద బోర్డు పెట్టారు. ఈ పక్క దూరి, దారి వెతుక్కుని ఆ పక్క బయటపడాలి. అదీ ఆట. దసరా వెళ్ళి దీపావళి ఇంకా రాని రోజులు. ఎండ చురుకు తగ్గడంతో రాయ్‌పూర్‌లో సగం జనం ధర్సీవా దాటి ఇక్కడికే వచ్చి పడ్డారు. లోపలినుంచి ఒకటే కేకలు, నవ్వులు.

దివ్య గుండె దడదడలాడుతోంది. చేనును చూసి కాదు, ఆ చేన్లో ఎక్కడో మహేంద్ర ఉన్నాడని. బీర్‌గావ్‌లో ఇనుప ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. మరో నాలుగు రోజుల్లో విజయనగరం నుంచి దివ్యను చూడటానికి పెళ్ళివారు దిగుతున్నారు. వాళ్ళకంటే ముందే మహేంద్ర ఇంటికొచ్చి నాన్నను అడుగుతాడా లేదా, అది ఈ రోజే తేలాలి. ఫోనులో అడిగితే "చూద్దాంలే" అని దాటేస్తాడు. ఎదురుగా నిలబెట్టి అడగాల్సిందే.

స్నేహితులు నవ్య, తరుణ్ కలిసి ఈ పిక్నిక్ పెట్టింది అందుకే. పెద్దవాళ్ళు తోడు లేకుండా పంపేది లేదని నాన్న అడ్డం తిరిగితే, "నేనెళ్తాన్లే అన్నయ్యా" అని అత్త తనంతట తానే బయల్దేరింది. ముప్పై ఆరేళ్ళొచ్చినా తన దగ్గర పెళ్ళి మాట ఎత్తనివ్వని మనిషి. రైల్వే ఆఫీసులో ఆమె వస్తోందంటే కబుర్లు టక్కున ఆగిపోతాయి. ఇంట్లో నాన్నక్కూడా ఆమె మాటంటే హడల్.

మొదటి ఎత్తు నవ్య వేసింది. "ఆంటీ, మీతో ఒక సెల్ఫీ! దివ్యా, నువ్వు కొంచెం పక్కకి జరగవే."

"జరగడం ఎందుకు? అందరం దిగుదాం," అంది అత్త. ఫొటోలో దివ్య చెయ్యి ఆమె గుప్పిట్లోనే పడింది.

తరుణ్ కళ్ళెగరేశాడు. "అరే, రేస్ పెట్టుకుందాం! ముందు బయటపడినోళ్ళకి వేడి వేడి భుట్టా నా తరఫున. చలో, భాగో!"

అన్నదే తడవు వాడూ నవ్యా చేన్లోకి ఉరికారు. దివ్య కూడా ఒక్క గుంజు గుంజి పరుగందుకుంది. అత్త చీరకొంగు బొడ్లో దోపుకుని ఆమెతో సమానంగా పరిగెత్తింది. మొక్కజొన్న ఆకులు చెంపలకు గీసుకుంటున్నాయి, ఎండిన పీచు జుట్టులో పడుతోంది. ఒక మలుపు తిరిగితే దారి మూసుకుపోయింది. ఇంకో మలుపు తిరిగితే ఎవరో కొత్తజంట ఎదురై సిగ్గుపడింది. రొప్పుతూనే ఇద్దరికీ నవ్వు ఆగలేదు. చెయ్యి మాత్రం అత్త వదల్లేదు.

దివ్య ఫోను గుర్రుమంది. మహేంద్ర మెసేజ్. దొంగచాటుగా చూసుకుంది. 'మంచె వెనకాల ఉన్నా.' మంచె ఇక్కడికి కనిపిస్తూనే ఉంది. తప్పిపోయినవాళ్ళకు దారి చూపించడానికి కాపలావాడు దానిమీద కూర్చున్నాడు. అంత దగ్గర! దివ్యకు ఏడుపొచ్చినంత పనైంది.

సరిగ్గా అప్పుడు అత్త ఆగి చెవి తడుముకుంది. "అయ్యో, నా దిద్దు!"

"ఏమైందత్తా?"

"ఈ పరుగుల్లో ఎక్కడో పడిపోయిందే. నువ్వు గేటు దాకా వెనక్కెళ్ళి వెతుకు. నేనిటు చూస్తాను."

"ఒక్కదాన్నేనా?" అనేసి, దివ్య తన నోటిని తనే తిట్టుకుంది.

"ఒక్కదానివైతే ఏటి? చిన్నపిల్లవా? నిదానంగా వెతుకు. తొందరేం లేదు."

చెయ్యి వదిలింది! దివ్య ఆ పోయిన దిద్దుకు మనసులోనే వెయ్యి దండాలు పెట్టుకుంది. గేటు వైపు బుద్ధిగా నడిచి, మలుపు తిరగ్గానే మంచె మీద కన్నేసి ఒకటే పరుగు. రెండుసార్లు దారి తప్పింది, ఒకసారి బోర్లా పడింది. లేచి దులుపుకోకుండానే మళ్ళీ పరిగెత్తింది.

మంచె వెనక ఇరుకు సందులో మహేంద్ర తాపీగా కాల్చిన భుట్టా పొత్తు కొరుకుతున్నాడు.

"తినడం ఆపు!" దివ్య రొప్పుతూ భుట్టా లాక్కుంది. "రేపు మా ఇంటికొచ్చి నాన్నని అడుగుతావా, లేదా? చూద్దాం గీద్దాం అంటే కుదర్దు."

మహేంద్ర ఆమెను ఎగాదిగా చూశాడు. మోకాళ్ళకు మట్టి, జుట్టు నిండా పీచు. అతని మొహంలో నవ్వు పోయి ఇంకేదో వచ్చింది.

"వస్తా. అమ్మని కూడా తీసుకొస్తా. పక్కా."

దివ్య చిన్నపిల్లలా గంతేసింది. ఆ క్షణాన చేను, ఆకాశం, మంచె మీది కాపలావాడు, అందరూ ఆమెకు ముద్దొచ్చారు.

"కానీ దివ్యా," మహేంద్ర గొంతు తగ్గించాడు, "మీ నాన్నగారి సంగతి నేను చూసుకుంటా. మీ అత్తకి ఎవరు చెప్తారు? ప్రేమా దోమా అని వినపడితే ఆవిడ మనిద్దర్నీ ఈ చేన్లోనే పాతేస్తారు."

దివ్య సంబరం సగం చల్లారింది. అత్త వద్దంటే నాన్న ఎలాగూ వద్దంటాడు.

అంతలో ఆకుల గోడకు అవతల గాజులు గలగలమన్నాయి. ఇద్దరూ బిగుసుకుపోయారు. మహేంద్ర నేలకు కరుచుకున్నాడు. అవతల ఎవరో మగమనిషి ఇబ్బందిగా దగ్గాడు. ఆ వెంటనే కల్యాణి అత్త గొంతు వినిపించింది, దివ్య ఏనాడూ విననంత మెత్తగా.

"ఇంకెన్నాళ్ళండీ ఇలా దాక్కోడం? ఆ పిల్ల తిరిగొచ్చేలోగా జల్దీ తేల్చండి, మా అన్నయ్యతో మీరొచ్చి మాట్లాడతారా, నన్నే మాట్లాడమంటారా?"