గురువారం బెంచీ

ఆ రోజు కమలాబాయి చెయ్యి వణకలేదు. కాలు మెట్టుకు అతుక్కుపోలేదు.

కొత్త చీరలో, తలలో కనకాంబరాలతో, మిర్యాలగూడ దవాఖాన వరండాలో తనే పెళ్లికూతురులా నడిచి వచ్చింది.

కోడలు అఖిల మురిసిపోయింది. పెళ్లై మూడు నెలలు. అత్తకు జడ వేసిందీ తనే, ముప్పావుగంట ముందు గోలీ మింగించిందీ తనే.

"డాక్టరు ముందర వణుక్కుంట నిలబడితే ఏం బాగుంటది అత్తమ్మా? పరువు పోతది."

హైదరాబాద్ నుంచి నరాల డాక్టరు గురువారం గురువారం వస్తాడు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు.

"ఇంట్ల ఉన్నట్టుండి కాళ్లు పట్టేస్తున్నయ్ సార్. అడుగు పడతలేదు," అంది అఖిల.

"ఎన్నింటికి?"

"సాయంత్రాలు సార్... ఒక్కోసారి మధ్యాహ్నం గూడ."

డాక్టరు కమలాబాయిని అటూ ఇటూ నడిపించాడు.

"పార్కిన్సన్ అదుపులోనే ఉంది. బాగానే నడుస్తున్నారుగా. అవే గోలీలు వాడండి."

వరుసగా మూడోసారి అదే మాట.

బయట బెంచీ మీద కూర్చున్న పెద్దాయన పలకరించాడు.

"బిడ్డా, గోలీ ఏసి తోల్కొచ్చినవా?"

"అవును. ఏం?"

"గోలీ పనిచేసేటప్పుడు సూస్తే సార్‌కు ఏం తెలుస్తది? పదిహేను రోజులు రాయి. గోలీ ఎన్నింటికి ఏసినవ్, ఎన్నింటిదాంక కాలు కదిలింది, ఎన్నింటికి ఆగింది. గంటగంటకు రాయాలె. నీ ఫోన్ నంబరు ఇయ్యి, నేను యాది చేస్త."

ఫోన్ నంబరు అనగానే అఖిలకు అనుమానం వచ్చింది. మాటలు కలిపి మనుషుల్ని వేరే దవాఖానకు పట్టుకుపోయే ఏజెంట్లుంటారని భర్త విజయ్ చెప్పనే చెప్పాడు.

"ఏ దవాఖాన ఏజెంటువు తాతా? కమీషన్ మంచిగనే వస్తదా?"

వరండా అంతా ఇటు తిరిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏజెంటును గాను బిడ్డా..."

"మరి డాక్టరువా? సుబ్బరంగ కూసున్నవ్. నీకేం తెలుసు మా బాధ?"

ఆయన తన చేతుల వైపు ఒకసారి చూసుకున్నాడు. లేచి వెళ్లిపోయాడు.

"పెద్దమనిషిని గట్లంటరా?" అంది కమలాబాయి.

"మీరు ఊకోండ్రి అత్తమ్మా. గీళ్ల సంగతి మీకు తెల్వదు."

నెల తిరగలేదు. పాలకీడు దగ్గర తండాలో, తమ ఇంటి గడపలోనే కమలాబాయి కాలు పట్టేసింది. ఒళ్లు ముందుకు పోయింది, పాదం కదల్లేదు.

తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్ అయ్యాక నరాల డాక్టరు అడిగాడు.

"పడ్డప్పటికి గోలీ వేసి ఎన్ని గంటలైంది?"

అఖిల వేళ్లు మడిచి లెక్కపెట్టబోయింది, లెక్క తేలలేదు.

ఆ రోజే రాయడం మొదలుపెట్టింది. కూర పొయ్యి మీద ఉన్నా సరే, గంట కొట్టగానే అత్త మంచం దగ్గరికి పరుగెత్తి చేతులు చూసింది, వేళ్లు చూసింది, రాసింది.

పదిహేను రోజుల రాత చదవడానికి డాక్టరుకు రెండు నిమిషాలు పట్టింది.

"వేసిన మూడు గంటలకే గోలీ పని ఆగిపోతోంది. మీరు ఆరు గంటలకొకటి వేస్తున్నారు. టైములు మారుస్తాను." ఆయన కొత్త టైములు రాసిచ్చాడు. "ఇది ముందే తెలిస్తే ఈమె పడకపోయేది కదమ్మా."

అఖిల బయటికొచ్చి బెంచీలన్నీ వెతికింది. చీటీలు రాస్తున్న నర్సు శాంతకుమారిని అడిగింది.

"సిస్టర్, ఈడ కూసుని అందరికి రాయమని చెప్పే పెద్దాయన..."

"రామనర్సయ్య సారా? చనిపోయి పది రోజులైందమ్మా. ఆయనదీ ఇదే జబ్బు."

"కాదు సిస్టర్. ఆయన చేతులు వణకనే లేదు. నేను సూసిన."

శాంతకుమారి కలం పక్కన పెట్టింది.

"దినమంతా మంచంలనే ఉండేటోడు అమ్మా, పొద్దుగాల ఏసిన గోలీకి ఒక్క రెండు గంటలే కాళ్లు చేతులు ఆయన మాట వినేటియి; గురువారం వస్తే ఆ రెండు గంటలు తెచ్చి మీకే ఇచ్చేటోడు."