కిటికీ కొమ్మ

కరెంటు తీగలకు తగులుతున్న కొమ్మలు కొట్టడానికి వచ్చినతను అప్పటికే చెట్టుకు నిచ్చెన వేశాడు. చేతిలో చీపురు అలాగే పట్టుకుని నేను మెట్లు దిగి పరిగెత్తాను.

“బాబూ, ఆ పై కొమ్మ వదిలెయ్. మా చెల్లికి బాగాలేదు. మంచం మీంచి దానికి కనపడేది అదొక్కటే.”

ఆకుల నీడ దుప్పటి మీదికి వచ్చినప్పుడు చెల్లి అందులో చెయ్యి పెట్టుకుని, నొప్పి సంగతి మరిచిపోయి నిద్రపోయేది.

అతను రంపం దించాడు. “పూర్తిగా వదిలేస్తే మా సారు ఊరుకోడమ్మా. కొన్నాళ్ళు ఆగుతాను. మళ్ళీ ఎప్పుడు రమ్మంటారో మీరే చెప్పండి.”

చెల్లి ఇంకెన్నాళ్ళుంటుందో డాక్టరు నాకొక్కదానికే చెప్పాడు. దానికి మాత్రం, ఎండాకాలానికల్లా లేచి తిరుగుతావని చెబుతూ వచ్చాను. దేవుడి ముందు కూడా ఆ గడువు మాట ఎత్తలేదు. రంపం పట్టుకున్న మనిషికి ఎలా చెప్పను?

“నెలాఖరుకి రా తమ్ముడూ! అప్పటిదాకా ఉంటే చాలు నాకు.”

పైనుంచి చెల్లి గొంతు. ఎలా లేచిందో, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది.

“నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పట్నుంచీ రాదే అక్కా” అని నవ్వబోయి దగ్గింది. ఊపిరి తీసుకుని అతణ్ణి మళ్ళీ పిలిచింది.

“అప్పుడు కూడా అంతా కొట్టెయ్యకు. కిటికీ వైపు ఒక్క రెమ్మ ఉంచు. ఆ తర్వాత ఈ మంచం మీద మా అక్క పడుకుంటుంది. తనకీ నిద్ర పట్టాలి కదా.”