దానంతటదే మోగిన గంట

"సార్, గా పుస్తకంల ఒక్క పేరు రాయాలె."

గుమ్మం బయట చెప్పులు విడిచి, చేతిలో ప్లాస్టిక్ కవరుతో నిలబడ్డ ముసలాయనను చూసి ఉపేందర్‌కు ఒళ్ళు మండింది. ఇలా రావడం ఇది మూడో ఆదివారం; ముందు రెండుసార్లూ వినకుండానే పంపేశాడు.

నాచారం రైలుగేటు చర్చిని బిషప్‌గారు కథెడ్రల్‌గా, అంటే తన ప్రధాన చర్చిగా, ప్రకటించబోతున్నారు. ఆ రోజుకల్లా చర్చి చరిత్ర అచ్చు కావాలి. రాసే పని ఉపేందర్‌ది. సాయంత్రంలోగా ప్రెస్సుకు పంపకపోతే ఫాదర్ ముందు తలెత్తుకోలేడు. అచ్చుతప్పు కనిపిస్తే అతనికి ముద్ద దిగదు. మనిషి కనిపిస్తేనే చిరాకు.

"ఎవరి పేరు తాతా?"

"మా దుర్గమ్మది సార్. గంట మోగిన దినమే పోయింది."

ఉపేందర్ నవ్వాడు.

ఆ గంట కథ తెలియనివాళ్ళు చుట్టుపక్కల లేరు. 1980 ఆగస్టులో, ముసురు పట్టిన ఓ ఆదివారం, పూజ మధ్యలో బయటి గంట దానంతటదే మోగింది. ఏమైందోనని జనమంతా బయటికి పరుగెత్తారు. మరుక్షణం గోడ ఒరిగి పైకప్పు బెంచీల మీద కూలింది. గంట దగ్గర చూస్తే ఎవరూ లేరు. మూడు నెలల ఉపేందర్ కూడా ఆ రోజు తల్లి చంకలో ఉండి బతికిపోయాడు.

"ఆ దినం ఒక్కరు గూడ సావలే తాతా. అదే గద మరియతల్లి మహిమ!"

"చర్చిల గాదు సార్. పట్టాల మీద..."

"పట్టాల మీద పోయినోళ్ళు చర్చి చరిత్రల ఎందుకు? మీరు మనోళ్ళేనా?"

"కాదు సార్. పోచమ్మను మొక్కెటోళ్ళం."

"మరింకేంది!"

ముసలాయన కవరు బల్ల మీద పెట్టాడు.

"నా పేరొద్దు. పిల్లది రాస్తే సాలు. జర గీ కాయితం సదువుర్రి సార్."

ఇవాళ పేరు రాయమంటాడు, రేపు ఇంకేదో అంటాడు అనుకున్నాడు ఉపేందర్. కవరు సొరుగులో పడేసి, "సరే, సూస్తలే" అని పంపించేశాడు.

పదకొండో పేజీలో 'ఆ రోజు ఒక్క ప్రాణమూ పోలేదు' అన్న వాక్యాన్ని పెద్దక్షరాల్లో పెట్టించాడు.

కథెడ్రల్ పండుగనాడు బిషప్‌గారు పుస్తకం విడుదల చేశారు. ఉపేందర్‌కు శాలువా కప్పారు. ఆ శాలువాతోనే బయటికొచ్చి చాయ్ బండి శ్యామలమ్మను అడిగాడు.

"కవరు పట్టుకొని తిరిగే తాత ఇయ్యాల రాలేదేంది?"

"ఉప్పలయ్యనా? మొన్న పొద్దుగాల పోయిండు బిడ్డా. గా పాత గేటు కాడ, పట్టాల దిక్కు సూస్కుంట కూసున్నోడు కూసున్నట్టే."

ఉపేందర్ చాయ్ గ్లాసు బండి మీదే వదిలేశాడు. గదికి వెళ్ళి సొరుగు లాగాడు.

అదొక పాత రైల్వే ఉత్తర్వు. మొదటి వరుసలోనే ఆ ఆదివారం తేదీ ఉంది. కూర్చుని చదివాడు.

'చర్చి గోడ ఒరుగుతున్నదని గమనించి, గేటు వదిలి వెళ్ళి గంట కొట్టి, రైలు కూత విని వెనక్కి పరుగెత్తిన గేట్‌మన్ ఉప్పలయ్యను విధులలో నిర్లక్ష్యానికిగాను తొలగించడమైనది. అతని కోసం పట్టాలు దాటబోయి రైలు కింద పడి మరణించిన దుర్గమ్మ, వయసు ఆరేళ్ళు, అతని ఒక్కగానొక్క కూతురు.'