డ్రైవర్ వైపు తలుపు

"ఇంకా రాలేదు మేస్త్రీ," అందావిడ.

నాలుగు రోజుల్లో ఇది ఆరోసారి. పాలిష్ మేస్త్రీ మిషన్ ఆపాడు. తలుపు ముందు గొంతుక్కూర్చున్నాడు. గీత లేదు. మరక లేదు. కారు తాతల కాలం నాటిది, టాపు వెనక్కి మడిచే రకం, వంకాయ రంగు. పని మొదలుపెట్టిన రోజున బూజు పట్టిన పలకలా ఉంది. ఇవాళ అందులో తన మీసంలో తెల్లవెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు.

"ఏం రాలేదమ్మగారూ?"

"మెరుపు. అద్దంలా రావాలన్నానా? పైభాగం చూడు, ఇంకా మసగ్గానే ఉంది."

అడిగేది అద్దం. పని చేయమన్న చోటేమో దుమ్ము. ఈ పనికి నీడ కావాలి. ఎండ తగిలితే రాసిన పాలిష్ మందు రాసినట్టే గట్టిపడి అంటుకుపోతుంది. దుమ్ము పడితే తుడిచే గుడ్డే గీతలు పెడుతుంది. పెరట్లో లక్షణమైన షెడ్డు ఖాళీగా ఉంది. ఆవిడ ససేమిరా అంది. కారు వాకిట్లోనే ఉండాలట. డ్రైవర్ వైపు తలుపు వీధికి ఎదురుగా ఉండాలట. గేటు రెండు రెక్కలూ బార్లా తీసే ఉంచాలట, లేకపోతే తనకి గాలాడదట.

వీధిలో పోయే ప్రతి బండీ ఇంత దుమ్ము తెచ్చి తలుపుకి పూసి పోతోంది. మేస్త్రీ తుడుస్తాడు. ఇంకో బండి వస్తుంది.

ఆవిడ మాత్రం ఎనిమిదింటికల్లా స్టూలు వేయించుకుని, వీధికి వీపు పెట్టి, తలుపుకి రెండడుగుల దూరంలో కూర్చుంటుంది. పాలు పొంగిపోతాయేమోనని కాపలా కాస్తున్నట్టు కూర్చుంటుంది. మిగతా కారు ఆవిడకి పట్టదు. బానెట్టు మీద చచ్చీ చెడీ ఒక పూటంతా పనిచేసి చూపిస్తే, తల తిప్పకుండానే బాగుందంది. అవతలి తలుపు దగ్గరికి వెళ్లనే లేదు. సైడు అద్దాలూ బంపర్లూ ఊడదీసి క్రోమ్ పూతకి పంపి వారమైంది. అవి నెలాఖరుకి గానీ రావంటే మాత్రం నిట్టూర్చింది.

మేస్త్రీతో పాటు పనిచేసేది అతని బావమరిది. నలభై దాటినా నోరు ఊరుకోదు. "బావా, ఈవిడకి కావాల్సింది కారు కాదు, అద్దాల బీరువా. ఒకటి కొనిపడేసి పోదాం పద," అని గొణిగాడు.

మేస్త్రీకి నవ్వు రాలేదు. గుడ్డ వైపు చూస్తే నవ్వెలా వస్తుంది? రుద్దిన ప్రతిసారీ దానికి వంకాయ రంగు అంటుతోంది. పాతకాలం పెయింటుకి పైన కాపాడే పొర ఉండదు. మెరుపు కావాలంటే రంగునే అరగదీయాలి. ఆ తలుపు పైభాగాన ఇక మిగిలింది ఉల్లిపొరంత. అది కాస్తా పోయి కింద బూడిదరంగు ప్రైమర్ బయటపడితే అంతే సంగతులు. ఆ రంగు ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకదు. ఊరు మొత్తానికి పాత కార్లున్నవాళ్లు పదిమంది, పదిమందీ ఒకరికొకరు తెలిసినవాళ్లే. రంగు తినేశాడన్న మాట ఇరవై రెండేళ్లలో అతను ఒక్కరిచేతా అనిపించుకోలేదు.

ఇదంతా ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విని, "పోతే నా కారేగా పోయేది," అంది. "శుక్రవారం పొద్దుటికి అద్దంలా ఉండాలి. శనివారం నుంచి తుప్పు పట్టినా నాకక్కర్లేదు."

పాత కార్ల ప్రదర్శన ఏదో ఉండి ఉంటుందనుకున్నారు బావా బావమరుదులు. టీ తెచ్చిన కోడల్ని అడిగారు. ఆమె నవ్వో ఏడుపో తెలియని మొహం పెట్టి, మా అత్తయ్యతో వాదించకండి అని మాత్రం చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

శుక్రవారం మేస్త్రీ మిషన్ బయటికి తీయలేదు. బొటనవేలికి మెత్తటి పాతగుడ్డ చుట్టి, చుక్క మందు అద్ది, ఊపిరి బిగబట్టి అంగుళం అంగుళం రుద్దాడు. మధ్యలో వీధిలోకి లారీ ఒకటి వచ్చి ఆగింది. బుస్సున దుమ్ము లేచింది. దాన్నీ, దాని డ్రైవర్నీ లోలోపలే తిట్టుకుంటూ, దుమ్ము అణిగేదాకా తలుపుకి తన వీపు అడ్డం పెట్టాడు. మళ్లీ రుద్దాడు. ఇంకొక్క రుద్దు రుద్దితే ప్రైమరే అని వేలికి తెలిసిన చోట ఆపేశాడు.

"ఇంతకంటే నావల్ల కాదమ్మగారూ. మీరు ఇంకోసారి రుద్దమంటే నేను..."

అంటూనే ఆగిపోయాడు. ఆవిడ కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంటోంది.

"వచ్చింది," అందావిడ.

మేస్త్రీకి నమ్మకం కుదరలేదు. ఆవిడ కూర్చున్న ఎత్తుకి వంగి, ఆవిడ భుజం పక్కనుంచి తనూ చూశాడు. తలుపు పైభాగంలో ఎదురింటి మేడ నిండుగా కనిపిస్తోంది. కింద లారీలోకి మంచాలూ బీరువాలూ ఎక్కిస్తున్నారు. పైన బాల్కనీలో ఓ పెద్దావిడ గోడ పట్టుకుని నిలబడి ఉంది.

వెనక్కి తిరిగి చూశాడు. నిజమే. బాల్కనీలో ఆవిడ ఇటే చూస్తోంది.

"అమ్మగారూ, ఎదురింట్లోంచి ఎవరో మిమ్మల్నే చూస్తున్నారు. అచ్చం మీ పోలికే. ఒక్కసారి ఇటు తిరగండి."

ఆవిడ తిరగలేదు.

"మా చెల్లెలు," అంది, తలుపులోకే చూస్తూ. "చచ్చేదాకా దాని మొహం చూడనని ఒట్టేసి ఇరవై ఆరేళ్లయింది."