ఊటకి తాళం

గేటుకి కొత్త తాళం చూసి హురియా ఇవతలే ఆగిపోయింది.

ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. చేతిలో గుడ్డలో చుట్టిన బంగాళాదుంప రొట్టె. ఏటా మార్చిలో, ఆ దక్షిణ దేశపు ఎండాకాలం ముగిసే ముందు, హోకియాంగా కొండ దిగి వచ్చేది. పొలం యజమాని నెవిల్‌ని అడిగి, ఊట దగ్గర ఓ గంట కూర్చుని పోయేది. ఇరవై ఏళ్ళుగా ఇదే వరస.

"ఒక్కసారి లోపలికి పోయి వస్తా నాయనా."

"ఈ ఏడు కుదరదు మామ్మా," అన్నాడు నెవిల్ గేటు అవతల నుంచి. "అందరి వాగులూ ఎండిపోయాయి. నా ఇంటికీ, ఆవులకీ ఉన్నది ఆ ఒక్క ఊటే. అందరూ వచ్చి కెలికితే ఎలా?"

"అందరూ ఎక్కడ? నేనొక్కదాన్నేగా."

"ఇవాళ నువ్వు, రేపు నీ చుట్టాలు. ఇది సొంత భూమి, సత్రం కాదు."

హురియా రొట్టెని గేటు స్తంభం మీద పెట్టింది.

"వేడి మీదే పిల్లలకి పెట్టు," అని వెనుదిరిగింది.

నెల తిరిగేసరికి ఇంట్లో కుళాయి సన్నబడి, ఆగిపోయింది. నెవిల్ పార పట్టుకుని ఊట దగ్గరికి పరుగెత్తాడు. కుళ్ళిన ఆకులూ వేళ్ళూ దాని నోరు మూసేశాయి. ఎక్కడ తవ్వినా బురదే. కంచె దగ్గర ఆవులు అరుస్తున్నాయి.

ముసలామె ఏటా ఇక్కడ ఊరికే కూర్చోలేదని అప్పుడు తట్టింది అతనికి. సిగ్గు విడిచి కొండెక్కాడు.

మనవరాలు మెరియానా తలుపు తీసింది.

"మామ్మ ఉందా?"

"నాన్నమ్మ పోయి పది రోజులైంది. మీకు కబురు చెబుదామనే వచ్చాం. గేటుకి తాళం ఉంది."

నెవిల్‌ టోపీ తీసి గుమ్మం పక్కన నిలబడ్డాడు.

ఆమె లోపల్నించి మడత పెట్టిన కాగితం తెచ్చింది. "మీరొస్తారని చెప్పింది. నవ్వుకుంటూ గీసింది."

వంకర గీతల్లో ఊట బొమ్మ, దాని నోటి దగ్గర మూడు రాళ్ళు. పక్కన పెన్సిల్ రాత: 'మూడు రాళ్ళూ చేత్తోనే ఎత్తు. పార తగలనీకు. పైన చెట్లు కొట్టనీకు, అవి దాచిన వానే ఈ నీళ్ళు.'

నెవిల్ ఊట దగ్గరికి తిరిగొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో రాయీ ఎత్తాడు. మూడోది తీయగానే బుడబుడమంటూ నీళ్ళు పైకొచ్చాయి. చల్లటి నీళ్ళలో చేతులుంచి నెవిల్ ఏడ్చేశాడు.

తడిసిన కాగితం ఆరబెడదామని తిప్పాడు. వెనక పాత సర్వే పటం ఉంది. తాతల నాడు స్తంభాలు పాతడానికి వీలైన చోట కంచె వేసుకున్నారు గానీ, పటంలో అతని అసలు హద్దు పాలకొట్టం వెనకే ఆగిపోయింది.

ఊటా, పైన కొండా హురియా వాళ్ళ పేరున ఉన్నాయి. ఇరవై ఏళ్ళూ రొట్టె పట్టుకొచ్చి, తన ఊట దగ్గరికి తాను పోవడానికే ఆమె నెవిల్‌ని అడిగింది.