చెంచాడు కూర

"ఉప్పు చాలలేదమ్మాయ్," అన్నాడు పెద్దాయన, గుమ్మం దగ్గరే నిలబడి.

చేతిలో గిన్నె. బుగ్గలో కూర.

ఎదురు వాటాలోకి ఈమధ్యే కూతురితో దిగిన మనిషి. ఆదివారం వచ్చిందంటే చాలు, ఆమె స్టవ్ కట్టేసేసరికి గుమ్మంలో హాజరు.

"కాస్త కూర పెడతావా?" అనడం, అక్కడికక్కడే చెంచాడు నోట్లో వేసుకోవడం, ఉప్పు గురించి ఓ మాట అనడం, గిన్నె పట్టుకుని వెళ్లిపోవడం.

"కాస్తయినా సిగ్గుండక్కర్లా!" అని లోపలికి వచ్చి గొణుక్కునేది ఆమె. గొణుక్కుంటూనే కూరలో చిటికెడు ఉప్పు వేసేది.

ఎందుకంటే ఆమెకు ఉప్పు తెలియదు. నిరుడు వచ్చిన జ్వరం పోతూ పోతూ నాలుక రుచిని కూడా పట్టుకుపోయింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. స్నేహితురాళ్లు ప్రతి ఆదివారం లొట్టలేసుకుంటూ వచ్చేది ఆమె చేతి వంట కోసమే. అదీ పోతే ఇక తన మొహం ఎవరు చూస్తారని ఆమె భయం.

మొగుణ్ణి రుచి చూడమంటే లాభం లేదు. ఆయన మాడిన కూరని కూడా "బ్రహ్మాండం" అనే రకం.

'పోనీలే, తిండిపోతయినా పెద్దాయన పనికొస్తున్నాడు,' అనుకుంది.

ఓ ఆదివారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

అమ్మ పోయినప్పుడు అక్కాచెల్లెళ్లకి మాటా మాటా వచ్చింది. ఆ తర్వాత అక్క ఈ గడప తొక్కలేదు.

"వచ్చే ఆదివారం వస్తానే. అమ్మ చేసినట్టు బంగాళాదుంప కూర చేస్తావా?"

ఆమెకు కాళ్లు నేల మీద నిలవలేదు. కనబడిన వాళ్లందరికీ చెప్పింది, పెద్దాయనతో సహా.

ఆ రోజే, ఆయన ఉప్పు మాట అని గిన్నెతో అటు వెళ్లగానే, కూరగాయల తొక్కలు పారేయడానికి బయటికి వచ్చింది. మెట్ల పక్క కొళాయి దగ్గర పెద్దాయన నోట్లోని కూర ఉమ్మేసి పుక్కిలిస్తున్నాడు.

ఆమెకు ఒళ్లు మండింది.

"ఉమ్మేసే కూర అడుక్కోవడం దేనికండీ?"

"అది కాదమ్మాయ్..."

"ఇక మా గుమ్మం ఎక్కకండి."

పెద్దాయన మూతి తుడుచుకున్నాడు. "మీ అక్క వచ్చే రోజు, ఆ ఒక్కరోజూ రానియ్యి."

విందు వాసన అప్పుడే తగిలిందన్నమాట! ఆమె తలుపు ధడాలున వేసుకుంది.

ఆదివారం కూర దింపి, అలవాటుగా గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరు. మొగుణ్ణి పిలిచింది.

"బ్రహ్మాండం," అన్నాడాయన, చెంచా నోటిదాకా వెళ్లకుండానే.

అనుమానం వచ్చి ఇంకాస్త ఉప్పు వేసింది. గిన్నె బల్ల మీద పెట్టబోతూ మళ్లీ అనుమానం వచ్చింది. మళ్లీ వేసింది.

అందరూ కూర్చున్నారు. మొదటి ముద్దకే స్నేహితురాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అక్క మాత్రం మెల్లగా నమిలి, గ్లాసుడు నీళ్లూ తాగింది.

"బాగుందా అక్కా?"

"ఇన్నాళ్లయినా నీకు నామీద కోపం పోలేదన్నమాట," అంది అక్క. "ఆ మాట నోటితో అంటే సరిపోయేదిగా. అమ్మ కూరని ఇలా చేసి పెట్టాలా?"

"అయ్యో, అది కాదక్కా... నాకు..."

స్నేహితురాళ్లంతా తననే చూస్తున్నారు.

అక్క చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఆపుదామని వెనకే బయటికి వచ్చిన ఆమె, మెట్ల దగ్గరే ఆగిపోయింది. ఎదురు వాటా తలుపు బార్లా తీసి ఉంది. లోపల సామాను లేదు. పెద్దాయన కూతురు గది ఊడుస్తోంది.

"నాకు బదిలీ అయిందండీ," అందా అమ్మాయి. "నాన్న పొద్దున్నే సామాను వెంట వెళ్లిపోయారు. ఇదిగో, మీ గిన్నె. మేం దిగిన రోజు కూర పంపారు కదా, తిరిగి ఇవ్వడం మరిచిపోయాం."

ఆమె గిన్నె అందుకోలేదు.

"మీ నాన్నగారికి నా కూరంటే అంత అసహ్యమా? ప్రతిసారీ ఉమ్మేసేవారా?"

కూతురు చీపురు కింద పెట్టింది.

"కిడ్నీలు పాడైనప్పట్నుంచీ ఆయనది చప్పిడి తిండేనండీ. ఉప్పు మింగకూడదు. మీరు పెట్టిన కూర నేను తినేదాన్ని. 'పాపం, ఎదురింటమ్మాయికి ఉప్పు తెలియడం లేదు, పైకి చెప్పుకోలేకపోతోంది, నలుగురూ తినేలోపు చూసొస్తా' అని బయల్దేరేవారు."

"నాకు తెలియడం లేదని ఆయనకెలా తెలిసింది?"

కూతురు గిన్నె ఆమె చేతిలో పెట్టింది.

"మొదటి రోజు ఇందులో పంపిన కూరలో ఉప్పే లేదండీ. మీ వంట నాన్న కడుపునిండా తిన్నది ఆ ఒక్క పూటే."